లేబుల్ మీద పేరు

45 (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు) చేతికి రాగానే నేను పాట వినను. ముందు ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని గీతలు చూస్తాను. వేలిగోటికి తగలని గీత పాటను పెద్దగా పాడుచెయ్యదు. గోటికి తగిలిందంటే ముల్లు అక్కడ గెంతుతుంది. తర్వాత నడిమి కన్నం. అమెరికాలో తయారైన 45కి సాధారణంగా పెద్ద కన్నం ఉంటుంది, ఇంగ్లండులో తయారైనదానికి చిన్నది. ఆ తర్వాత పాట అయిపోయే చోటికీ లేబుల్‌కీ మధ్య మిగిలే నున్నటి పట్టీ. అందులో చెక్కిన అంకెలూ అక్షరాలూ భూతద్దంతో చూస్తే అది అసలు రికార్డో, ఎవరో దొంగతనంగా కొట్టించిన నకలో చాలావరకు తేలిపోతుంది. ఏ ప్లాస్టిక్, వినైలా, స్టైరీనా అన్నదీ చూసుకోవాలి. స్టైరీన్ రికార్డు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, అరిగిన ముల్లుతో కొన్నిసార్లు వేస్తే చాలు, లోపల బుసబుస మొదలవుతుంది. ఇన్నీ చూశాక లేబుల్ చదువుతాను. పాడినదెవరు, రాసినదెవరు, ఏ కంపెనీ, ఏ ఊరు. నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అది. ధర సంగతి ఆ తర్వాతే.

మా నాన్నకు తెనాలిలో మైకుసెట్ల షాపు ఉండేది. పెళ్లిళ్లకీ శ్రీరామనవమి పందిళ్లకీ హారన్లు కట్టి రికార్డులు వేసేవారు. రికార్డును అంచుల దగ్గరే పట్టుకోవాలనీ, ముల్లు మీద వేలు పెట్టకూడదనీ నాకు అక్షరాలు రాకముందే తెలుసు. పెళ్లయ్యాక మావారి ఆసుపత్రి ఉద్యోగం కోసం బోల్టన్ వచ్చాం. మాంచెస్టర్‌కీ విగన్‌కీ మధ్య ఊరు ఇది, ఒకప్పుడు నూలుమిల్లులకు పేరు. పాత రికార్డుల షాపులో మనిషి కావాలన్న కాగితం అద్దానికి అంటించి ఉంటే చూసి లోపలికి వెళ్లాను. ఆ షాపాయన పని మానుకున్నాక సరుకంతా నేనే కొన్నాను. మామూలు రోజుల్లో షాపు, శనివారం రాత్రుళ్లు డాన్సు హాళ్లు. హాల్లో ఓ గోడవారగా బల్లలు వేసి మాలాంటి వ్యాపారులకు ఇస్తారు, దాన్ని రికార్డ్ బార్ అంటారు. నేనక్కడ అమ్మేది దాదాపుగా ఒకే రకం సంగీతం, నార్తర్న్ సోల్.

1960ల్లో అమెరికాలోని డెట్రాయిట్, షికాగో, లాస్ ఏంజెలెస్, ఫిలడెల్ఫియా వంటి నగరాల్లో మోటౌన్ కంపెనీ పాటలు దేశమంతా మోగుతుంటే, అలాంటి దరువుతోనే చిన్నాచితకా కంపెనీలు వేల కొద్దీ పాటలు చేశాయి. పాడినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. రేడియోవాళ్లు వెయ్యలేదు, షాపులవాళ్లు తెప్పించలేదు, రికార్డులు గోడౌన్లలో పడి ఉండిపోయాయి. ఆ అమ్ముడుపోని పాటలనే ఏరి తెచ్చుకున్నారు ఇంగ్లండు ఉత్తరాన మిల్లుల్లో, గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు. ఆ సంగీతానికి పేరు పెట్టింది మాత్రం లండన్‌లో సోల్ సిటీ అనే షాపు నడిపిన డేవ్ గోడిన్. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వచ్చిన ఉత్తరాది కుర్రాళ్లు ఆయన షాపులో కొత్త ఫంక్ పాటలు వద్దని పాత వేగపు పాటలే అడిగేవారు. వాళ్లొస్తే ఏ రికార్డులు వినిపించాలో షాపు మనుషులకు తెలియడానికి ఆయన పెట్టుకున్న గుర్తు ఆ పేరు. 1970లో బ్లూస్ అండ్ సోల్ పత్రికలో అదే మాట రాశాడు, అలాగే స్థిరపడింది.

ఇక ఈ పాటలు మోగిన హాళ్ల సంగతి. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్ 1971లో మూతపడింది. స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని టన్‌స్టాల్‌లో గోల్డెన్ టార్చ్ ఎంతో కాలం నిలవలేదు. బ్లాక్‌పూల్‌లో మెక్కా. వీటన్నిటి మీదా విగన్ కాసినో. 1973 సెప్టెంబరు 23న మొదలై 1981 డిసెంబరు 6న ఆఖరి రాత్రి జరుపుకుంది. అర్ధరాత్రి దాటాక తలుపులు తీస్తే ఉదయం ఎనిమిది దాకా డాన్సు. మద్యం అమ్మరు. మేలుకుని ఉండటానికి యాంఫెటమిన్ మాత్రలు మింగినవాళ్లు చాలామందే ఉన్నారు, పోలీసుల కన్నూ ఉండేది. ఆ సంగతి దాచి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు. కానీ నా దగ్గరికొచ్చే పాతవాళ్లు తలుచుకునేది వేరే విషయాలు. తోలు అట్టల బూట్లు జారడానికి నేల మీద చల్లిన టాల్కం పౌడరు. చెమటకు తడిసిన బనీను మార్చుకోవడానికి సంచిలో తెచ్చుకున్న ఇంకో బనీను. తెల్లవారాక వేసే ఆఖరి మూడు పాటలు, టోబీ లెజెండ్‌ది, జిమ్మీ రాడ్‌క్లిఫ్‌ది, డీన్ పారిష్‌ది. ఆ మూడింటిలో ఏదైనా నా షాపులో మోగితే మాట్లాడుతున్నవాళ్లు మాట ఆపేస్తారు.

కాసినో భవనం ఇప్పుడు లేదు. 1982లో తగలబడింది, ఆ మరుసటేడు కూల్చేశారు. ఆ చోట గ్రాండ్ ఆర్కేడ్ అనే షాపింగ్ సెంటరు ఉంది.

ఈ సంగీతం బయటి లోకానికి తెలిసిపోవడం గురించి పాత అభిమానుల బాధ అర్థం కావాలంటే, వాళ్లు దీనికోసం ఎంత పడ్డారో తెలియాలి. పాట రేడియోలో రాదు. టీవీలో రాదు. ఊళ్లో షాపుకెళ్లి అడిగితే పేరు కూడా విని ఉండరు. వినాలంటే శనివారం పని దిగాక కోచో, రైలో పట్టుకుని వేరే ఊరు వెళ్లాలి. అక్కడ డీజే వేసిన పాట నచ్చితే దాని పేరేమిటో కనుక్కోవడమే ఒక పని. ఎందుకంటే అరుదైన రికార్డు దొరికిన డీజే దాని లేబుల్ మీద తెల్లకాగితం అంటించి, పాడినవాళ్ల పేరు మార్చి, పాట పేరూ మార్చి చెప్పేవాడు. దీన్ని కవర్ అప్ అంటారు. పోటీ డీజేలకు దొరక్కూడదని, నకళ్లు కొట్టేవాళ్ల చేతిలో పడకూడదని. ఇంత వెతుకులాట తర్వాత ఒక పాట అసలు పేరుతో చేతికొస్తే అది సొంతమైనట్టే. కొన్నందువల్ల కాదు, వెతికినందువల్ల.

1975 జనవరిలో ఆ వెతుకులాట మీద మొదటి దెబ్బ పడింది. విగన్స్ చోజెన్ ఫ్యూ పేరుతో "ఫుట్సీ" అనే రికార్డు వచ్చి టాప్ టెన్‌లోకి ఎక్కింది. టాప్ ఆఫ్ ది పాప్స్ అనే టీవీ కార్యక్రమంలో విగన్ డాన్సర్లు దానికి ఆడారు. అదే ఏడాది విగన్స్ ఓవేషన్ అనే స్థానిక బ్యాండు, ది ఇన్విటేషన్స్ అనే అమెరికన్ బృందం పాడిన "స్కీయింగ్ ఇన్ ద స్నో"ను తమ గొంతులతో పాడి టీవీకెక్కింది.

నా పాత కస్టమర్లలో ఒకావిడ ఉన్నారు. అప్పుడు మిల్లులో కోన్లు చుట్టే పని, పదిహేడేళ్ల వయసు. ఆ కార్యక్రమం ఇంట్లో అందరితో కూర్చుని చూశారట. "మా నాన్న నవ్వాడు. 'నువ్వు వారం వారం రాత్రంతా వెళ్లేది దీనికా' అన్నాడు. అది కాదు నాన్నా, అసలు పాటలు ఇలా ఉండవు అని చెప్పబోయి ఊరుకున్నా. అసలు పాట వినిపిద్దామంటే ఇంట్లో రికార్డు లేదు" అన్నారు. ఇంత కాలం గడిచినా ఆమె గొంతులో ఆ కోపం తగ్గలేదు. నాకది న్యాయమైన కోపంగానే అనిపిస్తుంది. జనానికి తెలిసిపోయినందుకు కాదు ఆమె బాధ. తెలిసింది అసలుది కాదు.

1977లో గ్రెనడా టీవీ కోసం టోనీ పామర్ కాసినో మీద డాక్యుమెంటరీ తీశాడు. ఇప్పుడు అది చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. మిల్లులూ ఇటుక ఇళ్ల వరసలూ ఒక పక్క, ఆ నేల మీద తిరుగుతున్న పిల్లలు ఇంకో పక్క. కానీ అప్పటివాళ్లలో చాలామంది ఆ సినిమాను తిట్టుకున్నారు. అది వచ్చాక డాన్సు తెలియనివాళ్లు, చూసిపోదామని వచ్చేవాళ్లు పెరిగారని వాళ్ల ఫిర్యాదు. అంతకుముందే లోపల చీలికలున్నాయి. బ్లాక్‌పూల్ మెక్కాలో ఇయాన్ లెవిన్, కోలిన్ కర్టిస్ 1970ల కొత్త పాటలు వెయ్యడం మొదలుపెడితే, విగన్ పక్షంవాళ్లు అది ద్రోహమన్నారు. బయటివాళ్లు రాకముందే ఏది అసలైనదన్న కొట్లాట ఇంట్లోనే ఉందన్నమాట.

1981లో సాఫ్ట్ సెల్ పాడిన "టెయింటెడ్ లవ్" బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఇప్పటికీ షాపుకొచ్చేవాళ్లలో సగం మందికి అదే తెలుసు. దాన్ని మొదట పాడింది గ్లోరియా జోన్స్, 1960ల నడుమ ఛాంపియన్ అనే లేబుల్ మీద. రాసింది ఎడ్ కాబ్. అమెరికాలో అమ్ముడుపోలేదు. రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే ఫిలడెల్ఫియా నుంచి తెచ్చి ఇక్కడ వేశాడు. కొత్తగా పాడిన రికార్డు ఎంత అమ్ముడైనా రాయల్టీ పాట రాసినవారికి వెళ్తుంది, మొదట పాడినవారికి కాదు. ఈ సంగతి షాపులో కుర్రాళ్లకు చెప్తే నమ్మరు. గ్లోరియా జోన్స్ రికార్డు వేసి వినిపిస్తాను. మొదటి దరువుకే తల తిప్పి నా వైపు చూస్తారు.

ఇక్కడే పాతవాళ్లతో నాకు పేచీ. వాళ్ల దుఃఖం పూర్తిగా ఒప్పుకుంటాను, వాళ్ల లెక్క ఒప్పుకోను. గుట్టుగా ఉన్నప్పుడు అంతా పవిత్రం, బయటపడ్డాక అంతా అపవిత్రం అంటారు. నేను రోజూ పట్టుకునే రికార్డులు అలా చెప్పవు. గుట్టుగా ఉన్న రోజుల్లో అమ్ముడుపోయిన నకళ్లు నా దగ్గరికి పెట్టెల కొద్దీ వస్తాయి. వాటి మీద పాడినవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు. కొన్నిటి మీద పేరు కూడా లేదు.

ఫ్రాంక్ విల్సన్ సంగతే తీసుకోండి. 1965 చివర్లో మోటౌన్‌వారి సోల్ లేబుల్ కోసం "డూ ఐ లవ్ యూ (ఇండీడ్ ఐ డూ)" పాడాడు. విడుదల కాకుండానే ఆపేశారు. ఆయన గాయకుడిగా కాక ప్రొడ్యూసర్‌గా కొనసాగాడు. ముందుగా కొట్టిన కాపీలు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. 1970ల్లో ఒక కాపీ బయటపడితే ఇక్కడి హాళ్లలో అది ఎడ్డీ ఫాస్టర్ అనే పేరుతో మోగింది, ఆ పేరుతోనే నకళ్లూ వచ్చాయి. 1979లో టామ్లా మోటౌన్ సొంతంగా విడుదల చేశాక గానీ లేబుల్ మీద ఫ్రాంక్ విల్సన్ పేరు ఇక్కడివాళ్లు చూడలేదు. 2009లో ఆ అసలు రికార్డు ఒకటి 25,000 పౌండ్లు దాటి పలికింది. 2020లో ఒకటి లక్ష పౌండ్లకు చేతులు మారింది. పాత రికార్డు చేతులు మారితే గాయకుడికి ఏమీ రాదు. మా వ్యాపారం అంతా ఆ పునాది మీదే ఉంది, నాదీ అంతే. ఫ్రాంక్ విల్సన్ 2012లో పోయాడు.

డీన్ పారిష్ సంగతీ చెప్పాలి. న్యూయార్క్‌లో ఇటాలియన్ కుటుంబంలో పుట్టిన తెల్లవాడు. విగన్‌లో వేలమంది తెల్లవారుజామున ఆయన పాట కోసం ఆగేవారు. అట్లాంటిక్ అవతల ఆయనకు ఆ కబురే చేరలేదు. ఎన్నో ఏళ్లకు ఇక్కడివాళ్లు వెతికి పట్టుకుని పిలిపిస్తే వచ్చి స్టేజీ మీద పాడాడు. ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్లు నాకు తెలుసు. చెప్పబోతే వాళ్ల గొంతు పూడుకుపోతుంది. అలా వెతికి పట్టుకోవడం కూడా ఈ పాతవాళ్ల పనే. రికార్డులు వెతికినవాళ్లే మనుషుల్నీ వెతికారు. ఆ ఘనత వాళ్లది, ఎవరూ తీసుకోలేరు.

1982లో లండన్‌లో ఏస్ రికార్డ్స్ వాళ్లు కెంట్ అనే లేబుల్ మీద ఈ పాటలు వెయ్యడం మొదలుపెట్టారు. దాని వెనకున్న ఏడీ క్రౌస్‌డెల్ కూడా ఈ అభిమానుల్లోంచి వచ్చినవాడే, లండన్ 100 క్లబ్‌లో రాత్రంతా డాన్సులు నడిపేవాడు. హక్కులున్నవాళ్లను కనుక్కుని, అనుమతి తీసుకుని, డబ్బు కట్టి వేశారు. అట్ట వెనక పాడినవారి చరిత్ర రాశారు. నా షాపులో కెంట్ రికార్డుల అర ఎప్పుడూ నిండుగా ఉంచుతాను.

మా చిన్నప్పుడు వివిధభారతిలో గానీ, రేడియో సిలోన్‌లో గానీ పాట వెయ్యబోయే ముందు సినిమా పేరు, పాడినవారు, రాసినవారు, సంగీతం చేసినవారు, అన్నీ చదివేవారు. మా నాన్న షాపులో రేడియో పెట్టుకుని ఆ పేర్లు వింటూ వైర్లు చుట్టేవారు. పాట కన్నా ముందు మనిషి పేరు వినపడటం నాకు అలా అలవాటైంది. ఇక్కడికొచ్చాక చూశాను, కవర్ అప్ చేసిన డీజే పేరు దాచాడు, టీవీ బ్యాండు పేరు మార్చింది, ఇప్పుడు ఫోన్లో అరనిమిషం వీడియో పేరు లేకుండానే తిరుగుతోంది. మూడూ ఒకే తప్పని నా అభిప్రాయం. గుట్టా, బయటా అన్నది నాకు రెండో ప్రశ్న. పాటతో పాటు పాడినవారి పేరు వెళ్తోందా అన్నది మొదటి ప్రశ్న.

ఇటీవలి సంగతులకొస్తే, 2014లో ఎలైన్ కాన్‌స్టంటైన్ తీసిన "నార్తర్న్ సోల్" సినిమా తర్వాత షాపులోకి ఇరవైల్లో ఉన్నవాళ్లు రావడం మొదలైంది. 2023 జులై 15న రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్‌లో ఒక సాయంత్రమంతా ఈ పాటలే, బీబీసీ కన్సర్ట్ ఆర్కెస్ట్రాతో. ఆ వారం నా షాపులో జరిగినంత వాదన ఎన్నడూ జరగలేదు. ఒకరు, "పేరు తెలియని వాళ్లు స్టూడియోలో కూర్చుని వాయించిన వయొలిన్లు అంత పెద్ద హాల్లో మోగాయి, ఇంకేం కావాలి" అంటారు. ఇంకొకరు, "కుర్చీల్లో కూర్చుని వినే సంగీతమా ఇది" అంటారు. నేను మొదటాయన పక్షం. కానీ రెండో ఆయన తోసిపారేయాల్సిన మాట అనలేదు. ఈ పాటలు కాళ్లకోసం పుట్టాయి.

ఆ రెండో పెద్దాయన లీ అనే ఊరి దగ్గర బొగ్గుగనిలో పనిచేశారు. మోకాళ్లు ఇప్పుడు సహకరించవు. కిందటి ఏడాది తన పెట్టెలు అమ్మకానికి తెచ్చారు. ఒక్కో రికార్డూ లైటు కింద పెడుతుంటే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అందులో ఒకదాని లేబుల్ మీద తెల్లకాగితం, దాని మీద సిరాతో ఏదో పేరు.

"ఇది కాసినో రోజుల్నించీ ఇలాగే ఉందమ్మా. తియ్యకు" అన్నారు.

"తియ్యకుండా నేను ధర కట్టలేనండీ. కొనేవాళ్లు ఏం కొంటున్నారో తెలియాలి కదా."

"ఇది ఎవరిదో నలుగురికే తెలుసు. ఇద్దరు పోయారు."

"మరి పాడినాయన?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు రికార్డు వెనక్కి తీసుకుపోయారు. పట్టుపట్టలేదు నేను. పై వారం ఆయనే వచ్చి బల్ల మీద పెట్టారు. కెటిల్ ఆవిరి పట్టి కాగితం అంచు మెత్తబడ్డాక ప్లాస్టిక్ బద్దతో నెమ్మదిగా లేపాం. కింద లేబుల్ చెక్కుచెదరలేదు. డెట్రాయిట్ కంపెనీ, ప్రచారం కాపీ. పాడినాయన పేరును ఆయన పైకి చదివారు. తర్వాత, "ఈయన బతికి ఉన్నాడేమో కనుక్కోగలవా" అని అడిగారు. అమెరికాలో ఈ పని చేసే పరిశోధకులకు రాశాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

ఆ రికార్డు ఇంకా అమ్మలేదు. వేలంలో పెడితే పెద్ద ధరే వస్తుంది, బ్యాంకు లాకర్లో పెట్టుకునేవాళ్లు కొంటారు. పెద్దాయనకు అది ఇష్టం లేదు, హాల్లో వేసేవాళ్లకే ఇవ్వమన్నారు. ప్రెస్టన్‌లో చదువుకునే ఒక అమ్మాయి అడుగుతోంది. ఫోన్లో చూసి ఈ సంగీతంలోకి వచ్చిన పిల్లే. మొదట నా దగ్గర పదిహేను పౌండ్లలోపు కొత్త ముద్రణలు కొనేది, ఇప్పుడు సొంతంగా డీజే చేస్తోంది. అసలు రికార్డులు తప్ప నకళ్లు వెయ్యకూడదన్న పాతవాళ్ల నియమం ఆమెకు కష్టంగా ఉంది. ఒక్కో అసలు కాపీ వందల పౌండ్లయితే విద్యార్థి ఎక్కడ తెస్తుంది? ఆ నియమం నకళ్లను అడ్డుకోవడానికి పుట్టింది, అందుకు దాన్ని గౌరవిస్తాను. కానీ అనుమతితో, హక్కులున్నవాళ్లకు డబ్బు కట్టి వేసిన ముద్రణను కూడా గుమ్మం బయట ఆపడం సరికాదు. ఈ మాట మా శనివారం డాన్సులు నడిపే హాలు కమిటీ ముందు చెప్పాను. కొందరు ముఖం తిప్పుకున్నారు.

ఇప్పుడు నా రికార్డుల కవరు మీద అంటించే చీటీలో ధర చివరన ఉంటుంది. దానికి ముందు పాడినవారు, రాసినవారు, ఊరు, సంవత్సరం. నాకు తెలిసినంత వరకు, సరిచూసుకున్నాకే. కమిటీని ఇంకోటి కూడా అడిగాను. స్టేజీ పక్కన ఒక నల్లబల్ల పెట్టి, మోగుతున్న పాట ఎవరిదో రాయాలని. ప్రెస్టన్ అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు రాస్తానంది. పాత డీజేల్లో ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ససేమిరా అన్నారు. తెలుసుకోవాలనుకున్నవాడు మెట్లెక్కి వచ్చి నన్ను అడగాలి, అలా అడిగే మేమంతా నేర్చుకున్నాం అన్నాడాయన. అడిగితే నిజం చెప్తారా అన్నాను. ఇప్పుడైతే చెప్తానన్నాడు. వచ్చే నెల కమిటీలో మళ్లీ ఈ విషయం వస్తుంది. పెద్దాయన కూడా వస్తానన్నారు, బల్ల పెట్టాలనే చెప్తారట.